సబ్బుతో ఆగే లీకా ఇది?

ఇసక క్యాంపు, బిదియా
శుక్రవారం, 16 జనవరి 2026

మామకు గంగాధరం నమస్కరించి రాసుకున్నది.

ఈ కాలంలో ఉత్తరమేమిటని నవ్వకు. డిసెంబరు గాలివానకు పడిపోయిన టవరు ఇంకా లేవలేదు. మేనేజరు రాహిల్ దగ్గర శాటిలైట్ ఫోను ఉంది గానీ అది గెస్టులకే, మాలాంటి డ్రైవర్లకు కాదు. నాకేమో గెస్టులను దిబ్బల మీద తిప్పే డ్యూటీ ఒక్కటే. తారురోడ్డు ముఖం చూసి నెలయింది. సరుకుల పికప్ తోలే తహ్సీన్ శనివారం మీ అల్ మవాలేకి వస్తాడు, గురువారం మళ్ళీ ఇటు బయల్దేరతాడు. ఇకమీద మన తపాలా అతనే. మొగుడు మరిచిపోయాడని నీ కూతురు నీ దగ్గర గొణగకముందే చెబుతున్నా, ఆశకు వేరే కవరు పెట్టాను. తను వంట చేసే ఉదయశ్రీ గారింటికి, బౌషర్‌కు పోయినప్పుడు మరిచిపోకుండా ఇవ్వు.

ముందు ఆ రోజు సంగతి. నువ్వు నేను తోలే ఈ క్యాంపు బండిని రిపేరు చేసి, ఆ వానలో వాగులా పొంగిన వాదీ నీళ్ళు దాటుకుని, తారురోడ్డు చివరిదాకా తోలుకొచ్చావు. దిగీ దిగగానే తహ్సీన్ ముందర నేను, "ఏం మామా, నీ పనికి గ్యారంటీ ఎన్నాళ్ళుంటాది?" అన్నాను. నవ్వులకే అన్నాను మామా. నువ్వు తాళం ఇసకలోకి విసిరేసి, "నీ బండి నువ్వే జూసుకోపో" అని తహ్సీన్ పికప్ ఎక్కి కూర్చున్నావు. టీ తాగమని బతిమాలినా దిగలేదు. అది మనసులో పెట్టుకోవద్దు.

తాళానికి నువ్వు కట్టిన ఎర్రదారం మాత్రం అట్లాగే ఉంది. బ్రహ్మంగారి మఠం నుంచి ఎవరిచేతనో తెప్పించి ఉంటావు. పొద్దున దాన్ని కళ్ళకద్దుకోకుండా బండి స్టార్ట్ చేయను.

ఇక అసలు సంగతి. వెనక ఇరుసు మధ్యలో ఉండే డిఫరెన్షియల్ గుండు నుంచి నూనె కారుతోంది. మొదట్లో తేమగా ఉండేది, ఇప్పుడు బొట్లు పడుతున్నాయి. గెస్టుల గుడారాల ముందు ఇసకలో నల్లమచ్చలు చూసి రాహిల్ ముఖం మాడ్చుకున్నాడు. నువ్వేం గాబరాపడకు, ఆపేశాను. స్నానం సబ్బు తడిపి, లీకైన చోట మందంగా రుద్దాను. ఒక రోజంతా చుక్క పడలేదు. మామ దగ్గర రెండేళ్ళు పని నేర్చుకున్నది ఊరికే పోలేదని నన్ను నేనే మెచ్చుకున్నాను.

మోకాలికి నూనె రాసుకుంటున్నావా? ఆఖరిసారి కలిసినప్పుడు ఆశ అడగమంది.

నీ మేనల్లుడు
గంగాధరం


అల్ మవాలే
బుధవారం, 21 జనవరి

చి. గంగాధరానికి వీరబ్రహ్మం రాయునది. ఆశీర్వాదం చివర్లో రాస్తాను, అప్పటికి కోపం తగ్గితే.

సబ్బా? ఒరేయ్, సబ్బా? ఇరవై ఆరేళ్ళు మస్కట్‌లో బండ్ల కింద వెల్లకిలా పడుకుని బతికినవాణ్ణి. చివరికి నా మేనల్లుడు డిఫరెన్షియల్‌కు స్నానం చేయించాడని వినాల్సి వచ్చింది. ఆ గుండులో ఏముందో అప్పుడే మరిచిపోయావా? పళ్ళచక్రాలు నూనెలో మునిగి తిరుగుతుంటాయి. నూనె ఎండిందంటే పళ్ళూ పళ్ళూ కొరుక్కుని చక్రాలు ఒక్కసారిగా బిగుసుకుంటాయి. నువ్వు తోలేది నిలువు దిబ్బల మీద, వెనక సీట్లో నలుగురు. అప్పుడు ఆ సబ్బు దేనికి పనికొస్తుందో నా చేత రాయించకు.

ఇట్లాంటి సొంతవైద్యాలు చూసీ చూసీ నా తల నెరిసింది. మత్రాలో బట్టల షాపు సేటు ఒకాయన ఉండేవాడు. డిఫరెన్షియల్ మోత పెడుతోందంటే ఎవడో చెప్పాడని అందులో రంపపుపొట్టు పోయించాడు. పదిరోజులు మోత లేదు. "చూడు వీరబ్రహ్మం, నీ దగ్గరికి రాకుండానే నయమైంది" అని షాపు ముందు నిలబెట్టి మరీ చెప్పాడు. పదకొండో రోజు బండిని క్రేన్ మీద తెచ్చారు. నవ్వకూడదు గానీ నేను నవ్వాను.

డీజిల్‌తో కడిగి, తుడిచి, నూనె ఎక్కణ్ణుంచి వస్తోందో చూడు. ముందువైపు, షాఫ్టు లోపలికి పోయే చోటనైతే నూనెను ఆపే రబ్బరు ఉంగరం, ఆయిల్ సీలు, పోయినట్టు. అసలు సీలు వచ్చే వారం పంపిస్తాను. అంతవరకు రోజూ నూనె కొలత చూసుకుని తక్కువైనంత పోసుకో. వేరే తెలివితేటలు వద్దు.

గ్యారంటీ మాట నవ్వులకే అన్నావా? తహ్సీన్ సీబ్ దాకా నవ్వుతూనే ఉన్నాడు. నేనేమీ మనసులో పెట్టుకోలేదు. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎవరి ముందర అన్నావో మాత్రం జ్ఞాపకం ఉంది.

మోకాలు నొప్పి అట్లాగే ఉంది. ఆశకు కవరు ఇచ్చాను. చదువుతూ నవ్వింది, నాకు చూపించలేదు.

దీవెనలు. (ఇంకా పూర్తిగా తగ్గలేదు.)
వీరబ్రహ్మం


ఇసక క్యాంపు
శుక్రవారం, 23 జనవరి

మామకు నమస్కారాలు.

నీ ఉత్తరం చదువుతుంటే పక్క గుడారంలో ఉన్నవాళ్ళకు కూడా వినపడిందేమో అనిపించింది. సరే, సబ్బు తప్పే. రెండో రోజుకే వేడికి కరిగి నురగ కక్కింది. అది చూసి గెస్టుల పిల్లలు చప్పట్లు కొట్టారు, రాహిల్ కొట్టలేదు.

కానీ మామా, నువ్వు అల్ మవాలేలో నాలుగడుగులు నడిస్తే సీలు దొరుకుతుంది. నాకిక్కడ నాలుగు దిక్కులా ఇసకే. రాహిల్ రోజూ పొద్దున నా బండి కింద తెల్ల అట్టముక్క వేస్తాడు, సాయంత్రం మచ్చలు లెక్కపెడతాడు. ఊరికే చేతులు కట్టుకుని కూర్చోమంటావా?

క్యాంపు కాపలా ఉండే బదూ తాత ఒకాయన ఉన్నాడు, ఈ ఎడారిలోనే పుట్టి పెరిగినవాడు. వాళ్ళ కాలంలో నీళ్ళ తిత్తికి చిల్లి పడితే ఖర్జూరం పిసికి మెత్తేవాళ్ళట. ఆయనే కూర్చుని పిసికిచ్చాడు, ప్రేమగా ఇస్తే కాదనలేకపోయాను. దాని మీద గుడ్డ చుట్టి వైరు బిగించాను. ఒక పూట ఆగింది. తర్వాత చీమలు పట్టాయి. వెనక మూతకు ఖర్జూరాల పెట్టె అట్ట కత్తిరించి కొత్త ప్యాకింగు వేశాను, అది బాగానే కుదిరింది. పల్చగా ఉంటేనే కదా నూనె కారేది, చిక్కగా ఉంటే కారదని గ్రీజు కూడా కొంత కూరాను.

గ్రీజు కూరడానికి పైమూత విప్పుతుంటే ఉస్సుమని గాలి కొట్టి, నూనె ముఖాన చిమ్మింది. కళ్ళు రెండు రోజులు మండాయి. ఆ సంగతి ఆశకు చెప్పొద్దు.

సీలు తొందరగా పంపు. ఎర్రదారం పుణ్యమా అని ఇంతవరకు దిబ్బ మీద బండి ఆగలేదు.

గంగాధరం


అల్ మవాలే
బుధవారం, 28 జనవరి

గంగాధరానికి,

ఖర్జూరం తినడానికిరా! ఆ తాత ఒంటెల కాలం మనిషి, ఆయన్ను అనను. నీ బుద్ధి ఏమైంది? గ్రీజు కూరావా? తిరిగే పళ్ళచక్రాల్లో నూనె అయితే పైకి ఎగజిమ్మి అన్నింటినీ తడుపుతుంది. గ్రీజు ఒక మూల ముద్దగా కూర్చుంటుంది, చక్రాలు ఎండుతాయి. రెండేళ్ళు నా షెడ్డులో ఏం నేర్చుకున్నావో నాకిప్పుడు అర్థమవుతోంది. చేతికి నూనె అంటుతోందని స్టీరింగు పట్టుకున్నావు చూడు, ఆ రోజే అనుకున్నాను.

రాత తప్పులు దిద్దినట్టు నీ ఉత్తరంలో ఒక్కొక్క వాక్యం కింద గీత గీశాను. గ్రీజు, అట్ట, ఖర్జూరం. ఆ మూడింటి దగ్గర ఎర్రపెన్ను అయిపోయింది. మిగతా ఉత్తరం చదవడానికి ఓపిక లేకపోయింది.

ఇదిగో అసలు సీలు. జపాన్ సరుకు, మా షాపువాడు ఎదురుగా పెట్టె చింపి ఇచ్చాడు. అట్టా గిట్టా అన్నీ పీకి అవతల పారెయ్. లోపలంతా డీజిల్‌తో కడిగి గ్రీజు తీసెయ్. సీలు అంచున ఉండే రబ్బరు పెదవి లోపలివైపుకు, నూనెవైపుకు ఉండాలి. పెదవికి కొంచెం నూనె రాసి, సరిపోయే పైపుముక్క ఆనించి చుట్టూ సమంగా తట్టు. సుత్తితో నేరుగా కొట్టావో, నేను వచ్చి నిన్ను కొడతాను.

తర్వాత కొత్త గేరాయిల్ పోసి నాకు రాయి. "మామా, ఆగింది" అని ఒక్క ముక్క రాస్తే చాలు.

వీరబ్రహ్మం


ఇసక క్యాంపు
శుక్రవారం, 30 జనవరి

మామకు,

ఆగలేదు.

నువ్వు చెప్పింది చెప్పినట్టు చేశాను. నిన్న పికప్ రాగానే మొదలుపెట్టి, చీకటిపడే లోపల ముగించాను. పెదవి లోపలికే పెట్టాను, పైపుముక్కతోనే తట్టాను. పెళ్ళినాడు ఆశకు తాళి కట్టేటప్పుడు కూడా అంత జాగ్రత్త పడలేదు. ఈ పొద్దు లేచి చూస్తే అట్ట మీద ఒక్క మచ్చ లేదు. ఎగిరి గంతేశాను. గెస్టులను ఎక్కించుకుని రెండు గంటలు దిబ్బలు తిప్పి వచ్చేసరికి ముందుకన్నా ఎక్కువ కారుతోంది! చల్లగా ఉంటే బుద్ధిమంతుడిలా ఉంటోంది, వేడెక్కితే కక్కుతోంది. ఇదేం బండి?

మామా, కోపం తెచ్చుకోకు. సీలు డూప్లికేటేమో. నిన్ను కాదు, ఆ షాపువాడు నిన్ను మోసం చేశాడేమో అంటున్నా.

విషయం ముదిరింది కాబట్టి రాస్తున్నా. ఫిబ్రవరి పదమూడు శుక్రవారం పెద్ద గుంపు వస్తోంది, రంజాన్ ముందు ఆఖరిది. రాహిల్ ఈ సాయంత్రం అందరి ముందూ పిలిచి, "తేరా తేల్ నహీ రుకా తో తూ ఘర్ జా" అన్నాడు. ఆ రోజు ఒక్క చుక్క పడినా వీసా క్యాన్సిల్ చేసి ఇంటికి పంపిస్తాడట. నాకు పని రాదని ఒక వార్నింగ్ కాగితం ఇప్పటికే నా ఫైల్లో పెట్టాడు. ఆశకు ఇంకా రెండేళ్ళు అగ్రిమెంటు ఉంది. ఆమె బౌషర్‌లో, నేను మన ఊళ్ళో, మైదుకూరులో. ఒకే దేశంలో ఉండాలనే కదా మామా మేమిద్దరం ఇంత తంటాలు పడి వచ్చింది. ఇప్పటికి నెలకొక శుక్రవారమన్నా ముఖాలు చూసుకుంటున్నాం.

ఏదో ఒకటి చెప్పు. తిట్టినా ఫర్వాలేదు.

గంగాధరం


అల్ మవాలే
బుధవారం, 4 ఫిబ్రవరి

గంగాధరం,

తిట్టమన్నావు కదా. విను.

సోమవారం మీ రాహిల్ మా షెడ్డుకు ఫోన్ చేశాడు. నాకు కాదు, షెడ్డు యజమాని మా అర్బాబ్‌కు. "మీ మెకానిక్ డూప్లికేట్ సీళ్ళు వేస్తున్నాడు" అన్నాడు. ఆయన నన్ను పిలిచి కస్టమర్ల ముందు నిలబెట్టి, "వీరా, సచ్ హై క్యా?" అని, నిజమేనా అని అడిగాడు. ఇరవై ఆరేళ్ళలో ఆ నోటి నుంచి నాకు అట్లాంటి మాట రాలేదు. రెంచీ పెట్టెలో పడేసి లోపలికి వెళ్ళిపోయాను. నాకు రాసింది చాలక రాహిల్ చెవిలో కూడా ఊదావా? ఆడలేక మద్దెల ఓడన్నారంట. చేత కాకపోతే చేత కాలేదని ఒప్పుకోవాలి, వస్తువు మీదా మనిషి మీదా పెట్టకూడదు.

ఆ సీలు నా చేతులతో చూసి పంపాను. అది ఆగలేదంటే నువ్వు తలకిందులుగా వేశావు. అంతే. పెదవి లోపలికే పెట్టానని నువ్వు రాస్తే నేను నమ్మాలా? సబ్బు రుద్దినవాడివి, ఖర్జూరం మెత్తినవాడివి.

నా చెల్లెలి కొడుకని, చూస్తూ చూస్తూ బయటివాళ్ళకెందుకని ఆశను నీకిచ్చాను. తప్పు చేశానేమో అని ఈ సోమవారం మొదటిసారి అనిపించింది.

విప్పి, తిరగేసి, మళ్ళీ వెయ్యి. నాకింకేమీ తెలియదు.

వీరబ్రహ్మం


ఇసక క్యాంపు
శుక్రవారం, 6 ఫిబ్రవరి

వీరబ్రహ్మం గారికి,

గారు అని ఎందుకు రాశానో మీకు తెలుసు.

రాహిల్‌కు నేను చెప్పలేదు. వంటింట్లో తహ్సీన్‌తో అంటుంటే అతను గుమ్మంలో నిలబడి విన్నాడు. నేను ఊదేవాణ్ణయితే ఇన్నాళ్ళూ రాహిల్ మీ పనిని ఎన్నిసార్లు దెప్పినా, "మా మామ చేతిలో తప్పు జరగదు" అని ఎందుకు గొడవ పడతాను? తహ్సీన్‌నే అడగండి.

నిన్న సీలు విప్పాను. పెదవి లోపలికే ఉంది. నిన్నా లోపలికే ఉంది, మొన్నా లోపలికే ఉంది. మళ్ళీ అట్లాగే వేశాను. తహ్సీన్‌ను పిలిచి చూపించాను, సాక్ష్యం ఉండాలని. ఇప్పటికీ వేడెక్కితే కారుతూనే ఉంది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనిషికి ఏం చెప్పినా దండగ.

మీ షెడ్డులో ఉన్న రెండేళ్ళలో నేను బిగించిన ప్రతి బోల్టునూ మీరు మళ్ళీ విప్పి బిగించేవారు. గట్టిగా ఉన్నా సరే. ఒక్కసారి, ఒక్క బోల్టు దగ్గర, "బాగుందిరా" అనలేదు. చేతికి నూనె అంటుతుందని స్టీరింగు పట్టలేదు నేను. మీరు విప్పడం చూడలేక పట్టాను. ఇన్నేళ్ళు చెప్పలేదు, ఇప్పుడెట్లాగూ ఇంటికి పోతున్నా కాబట్టి చెబుతున్నా.

ఆశ సంగతి రాశారు. అది నేను రెండోసారి చదవలేదు.

తాళానికి మీరు కట్టిన దారం విప్పి ఈ కవర్లోనే పెట్టాను. ఇన్ని రోజులు కళ్ళకద్దుకున్నందుకు బాగానే కాపాడింది. మీ దేవుణ్ణి మీ దగ్గరే ఉంచుకోండి.

గంగాధరం


అల్ మవాలే
ఆదివారం, 8 ఫిబ్రవరి

నాయనా గంగాధరం,

ముందు పని చెబుతాను. వెనక ఎడమచక్రం పైన, మడ్‌గార్డు లోపలివైపు చెయ్యి పెట్టు. చిటికెన వేలంత రబ్బరు గొట్టం ఒకటి పైకి వచ్చి ఉంటుంది. దాని కొసలో గుడ్డముక్క కుక్కి ఉంటుంది. లాగెయ్. అంతే. ఇంకేమీ విప్పొద్దు, ఇంకేమీ మార్చొద్దు.

ఇప్పుడు మిగతాది చదువు.

నిన్న శనివారం నేను ఆశ దగ్గర ఉంటే తహ్సీన్ నీ కవరు అక్కడికే తెచ్చిచ్చాడు. ఉదయశ్రీ గారి వంటింట్లో స్టూలు మీద కూర్చుని చింపాను. దారం ఆశ ఒళ్ళో పడింది. "నాయినా, ఇదేంది? నువ్వు లారీ తోలేటప్పుడు వాగు దాటితే తాళానికి కట్టుకునేవాడివే, అట్లాంటిదేనా?" అంది. దానికి అప్పుడు ఏడేళ్ళు. దానికి గుర్తుంది. కట్టిన నాకు గుర్తులేదు.

ఆ గొట్టం డిఫరెన్షియల్ ఊపిరి గొట్టం. లోపల వేడెక్కి గాలి పెరిగితే దాని గుండా బయటికి పోతుంది. లోతు నీళ్ళు దాటేటప్పుడు నీళ్ళు లోపలికి పోకుండా దాన్ని మూసి, దాటాక తీసెయ్యాలి. తీయడం మరిచిపోతానని తాళానికి ఎర్రదారం కట్టుకోవడం నా అలవాటు. దారం ఉందంటే గొట్టం మూసి ఉందని అర్థం. దేవుడూ లేడు, మఠమూ లేదు. ఆ రోజు వాదీ దాటాను. తారురోడ్డు చివర దిగి గుడ్డ తీద్దామనుకుంటుండగా నువ్వు గ్యారంటీ అన్నావు. నేను తాళం విసిరాను. ఆ తర్వాత జరిగిందంతా ఆ విసరడమే.

గొట్టం మూస్తే వేడిగాలి ఎటు పోతుంది? సీలును తోసుకుని పోతుంది, నూనెను వెంట తీసుకుని పోతుంది. జపాన్ సీలైనా, బంగారు సీలైనా ఆపలేదు. పైమూత విప్పితే ఉస్సుమని ముఖాన చిమ్మిందని రాశావే, ఆ ఒక్క ముక్క చాలదా? చల్లగా ఉంటే ఆగుతోంది, వేడెక్కితే కక్కుతోందని రాశావే! పసిపిల్లవాడు కూడా చెప్పేవాడు. నేను ఎర్రపెన్నుతో గీతలు గీస్తున్నాను. చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికిన మనిషి నయం, ఎవరినీ తిట్టకుండా వెతికింది.

ఇంకొకటి కూడా రాయాలి. ఆ గుడ్డలోంచి నీళ్ళు దిగకుండా దానికి నేను రాసింది ఏమిటో తెలుసా? సబ్బు.

రాహిల్ శాటిలైట్ ఫోనుకు నాలుగుసార్లు చేశాను. "మెకానిక్" అనగానే పెట్టేస్తున్నాడు. తహ్సీన్‌ను గడ్డం పట్టుకుని బతిమాలాను, గురువారం దాకా ఆగకుండా మంగళవారమే బయల్దేరతానన్నాడు. దీనితో పాటు ఇంకో కాగితం ఉంది. అందులో తప్పు నాది, గంగాధరం పనిలో ఏ లోపమూ లేదు అని హిందీలో రాయించి, సంతకం పెట్టాను. రాహిల్ చేతికివ్వు. నీ ఫైల్లోంచి వార్నింగ్ కాగితం తీయించు. మా అర్బాబ్‌కు నేనే చెప్పుకుంటాను.

ఆశ నాతో మాట్లాడటం లేదు. దాని గురించి నేను నీకేదో రాశానని నీ ఉత్తరం చదివి దానికి తెలిసిపోయింది. అడిగితే ఒప్పుకున్నాను.

మామ


ఇసక క్యాంపు
శనివారం, 14 ఫిబ్రవరి

మామకు గంగాధరం నమస్కారాలు.

మంగళవారం సాయంత్రం తహ్సీన్ దిగగానే కవరు చింపి, నిలబడే చదివి, నిలబడే చెయ్యి పెట్టాను. గుడ్డ గట్టిపడి పోయింది. లాగగానే పెద్దాయన నిట్టూర్చినట్టు పొడుగ్గా గాలి వదిలింది. బదూ తాత పక్కనే ఉన్నాడు. "అల్‌హమ్దులిల్లా" అని బండి మీద చెయ్యేసి నిమిరాడు.

నిన్న గుంపు వచ్చింది. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం మూడు రైడ్లు, ఎండలో, నిలువు దిబ్బల మీద. ప్రతిసారీ రాహిల్ కొత్త అట్టముక్క వేశాడు. మూడోదాన్ని తిరగేసి మరీ చూశాడు. తెల్లగా ఉంది. "ఠీక్ హై, రహ్‌జా" అని వెళ్ళిపోయాడు. ఇంటికి పోయేది లేదు మామా. ఆశకు వేరే కవర్లో ఇదే రాశాను, నాలుగుసార్లు రాశాను.

ఎట్లా ఆగిందని అడిగాడు. గొట్టంలో ఇసక చేరింది, తీసేశానన్నాను. నీ కాగితం ఇవ్వలేదు. అతను నోరున్న మనిషి, దాన్ని మస్కట్ అంతా తిప్పుతాడు. నీ పేరు పోవడం నాకిష్టం లేదు. వార్నింగ్ కాగితం ఉంటే ఉంటుంది, ఉద్యోగం ఉంది కదా. నీ కాగితం నా పెట్టెలో బట్టల కింద పెట్టాను.

పోయిన ఉత్తరంలో నిన్ను మీరు అన్నాను. అది కూడా లెక్కలో వేసుకోకు.

గంగాధరం


అల్ మవాలే
బుధవారం, 18 ఫిబ్రవరి

చి. గంగాధరానికి,

తెల్లటి అట్ట సంగతి చదివి షెడ్డులో అందరికీ టీ ఇప్పించాను. ఆ తర్వాతి పేరా చదివి టీ మధ్యలోనే లేచాను.

ఇసకేం చేసిందిరా? ఇన్నేళ్ళుగా అక్కడే పడి ఉంది, ఎవరి గొట్టంలోనూ దూరలేదు. నా తప్పును తీసుకుపోయి దాని నెత్తిన ఎందుకు వేశావు? నీ ఫైల్లో పని రాదన్న కాగితం ఎందుకుండాలి? రేపు ఇంకో కంపెనీకి మారాలంటే ఆ కాగితం నీ కంటే ముందు పోతుంది. నా పేరు కాపాడమని నిన్ను ఎవరడిగారు? మా అర్బాబ్‌కు నేను మొత్తం చెప్పాను. గట్టిగా నవ్వి, "వీరా, తూ భీ?" అన్నాడు, నువ్వు కూడానా అని. అంతే, బతికే ఉన్నాను.

రేపు గురువారం తహ్సీన్ పక్క సీట్లో నేనుంటాను, దిగగానే ఈ కవరు నేనే నీ చేతికిస్తాను. వాళ్ళకు రంజాన్ మొదలవుతోంది, ఇఫ్తార్ వేళకు చేరతామన్నాడు. ఇది చదవగానే ఆ కాగితం బట్టల కింది నుంచి తీసుకురా. నీ ఎదురుగా, నీకు వార్నింగ్ ఇచ్చినప్పుడు నిలబడ్డ డ్రైవర్లందరి ఎదురుగా నేనే రాహిల్‌కు ఇస్తాను. ఆశ కూడా వస్తోంది. ఉదయశ్రీ గారు రెండు రోజులు సెలవిచ్చారు. నా పక్కనే కూర్చుంటుంది కానీ నాతో మాట్లాడుతుందో లేదో తెలియదు. దాని గురించి నేను రాసిన మాట నీ ముందే వెనక్కి తీసుకోవాలట, అదీ షరతు.

ఎర్రదారం నీకు తిరిగి ఇవ్వను. నా పనిముట్ల పెట్టె తాళానికి కట్టుకున్నాను. చెప్పాల్సిన మాట ఒకటి చాలా ఏళ్ళుగా మరిచిపోతున్నాను, దాన్ని చూస్తే గుర్తొస్తుందని. నోటితో చెప్పలేనేమోనని భయమేసి ఇక్కడే రాస్తున్నాను, మూడు కాగితాలు చింపి నాలుగోదాని మీద.

పన్నెండు రోజులు గాలి తోసినా పెదవి మడతపడకుండా నిలబడి, మూడు రైడ్లకు చుక్క కూడా వదలలేదంటే ఆ సీలు బిగించిన చెయ్యి మంచిది. నేను బిగించినా అంతకన్నా బాగా కుదిరేది కాదు. బాగుందిరా.

రేపు వచ్చాక దాన్ని నేను విప్పి చూడను.

మామ
వీరబ్రహ్మం